బొటనవేలంత చోటు

కొత్త కోడలికి పెళ్ళయి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో మొగుడితో పోట్లాడింది ఒక్కసారే, అదీ పెళ్ళిచూపుల్లో ముందు నవ్వింది ఎవరన్న విషయం మీద. అతను వడ్రంగి. ఆమె చెప్పుల దుకాణంలో పిల్లల విభాగం చూసుకుంటుంది. డిగ్రీ చదివి చెప్పులు తొడగడమేమిటని ఎవరైనా అంటే, పిల్లల పాదాలంత ముద్దుగా ఏ ఆఫీసు ఫైలూ ఉండదని చెప్పేది. దుకాణానికి వచ్చిన ప్రతి తల్లికీ బూటు కొసను వేలితో నొక్కి చూపించి ఒకే మాట అప్పజెప్పేది: "ముందు బొటనవేలంత చోటు వదలాలండీ. ఎదిగే పిల్ల కదా."

అలాంటి మనిషికి, వేసవి సెలవుల్లో విదేశీ పిల్లల్ని ఇళ్ళలో ఉంచే సంఘం ఒకటుందని తెలిస్తే కాలు నిలుస్తుందా? ఆ సాయంత్రమే ఫారం నింపేసింది. సంఘంవాళ్ళు మొదట గునిశారు. పెళ్ళయి నాలుగు నెలలు, పిల్లల్ని సాకిన అనుభవం గుండుసున్నా. చివరికి ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నారు. మొదటి వారం పరీక్ష. శనివారం పరిశీలకురాలు వచ్చి చూస్తుంది. పిల్ల సుఖంగా ఉంటే ఆరు వారాలూ ఇక్కడే, లేకపోతే పెట్టె సర్దుకుని వేరే ఇంటికి. కొత్త కోడలు ఆ మెలికను చెవినే వేసుకోలేదు. నలభై రెండు రోజులకు నలభై రెండు సరదాలు రాసి బీరువా తలుపుకు అంటించేసింది.

వడ్రంగి మంచం చేశాడు. సంఘం పంపిన కాగితంలో పిల్ల ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలని ఉంది. వెంట్రుకవాసి తేడా వస్తే అన్నం సహించని మనిషి కాబట్టి, సరిగ్గా ఆ కొలతకే చేశాడు. దిండు కోసమని రెండు వేళ్ళు కలిపాడు, అదీ మనసొప్పక. ఒక్క మేకు కొట్టలేదు. కొయ్యలో కొయ్య దిగేసి, జిగురు పెట్టి, కాళ్ళ వైపు గుండ్రటి కడ్డీలు వరుసగా నిలబెట్టాడు. కొత్త కోడలు ఆ పట్టె మీద చెయ్యి వేసి నిమిరి నిమిరి మురిసిపోయింది. రోజంతా బొటనవేలి పాఠం చెప్పే ఆమెకు ఇంట్లో ఆ పాఠం గుర్తే రాలేదు. అత్తగారు మాత్రం మంచాన్ని చుట్టూ తిరిగి చూసి, "పరవాలేదు" అంది. ఆవిడ నోటి వెంట అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ ఎరగరు. కొడుకు పుట్టినప్పుడు నర్సు ఎత్తి చూపిస్తే కూడా ఆ మాటే అందట.

ఆదివారం పొద్దున సంఘం బస్సు వచ్చింది. పిల్ల దిగింది. దిగుతూనే ఉంది. కాగితం మీద ఎత్తు రాసి ఏడాదైంది, ఆ ఏడాదిలో ఆ పిల్ల మరే పనీ పెట్టుకోకుండా ఎదిగింది. పదేళ్ళ పిల్ల, మోకాళ్ళు ముందు నడుస్తుంటే మిగతా మనిషి వెనక వస్తోంది. వడ్రంగి కంటితోనే కొలిచి పాలిపోయాడు. అత్తగారు ఎగాదిగా చూసి, "కొంగ" అంది. ఆ పేరే స్థిరపడింది. పిల్లకు కూడా నచ్చినట్టుంది, పిలవగానే మెడ సాచి చూసేది.

కొంగకు వీళ్ళ భాషలో వచ్చింది ఒకే మాట. ఒకరింటికి వెళ్ళినప్పుడు వంకలు పెట్టకూడదని వాళ్ళమ్మ బాగా నేర్పి పంపింది కాబోలు, ఏది చూపించినా ఒళ్ళు నిటారు చేసి, "చాలా బాగుంది" అనేది. ఇల్లు చాలా బాగుంది. కిటికీ చాలా బాగుంది. తలుపు సందులో వేలు నలిగినా చాలా బాగుంది. మంచం చూసింది, చాలా బాగుంది అంది, ఎక్కి చాకు మడిచినట్టు మడుచుకుంది.

సోమవారం పొద్దున భార్యాభర్తలు తలుపు సందులోంచి తొంగి చూస్తే, కాళ్ళ వైపు కడ్డీల మధ్య నుంచి రెండు పొడుగాటి పాదాలు బయటికి వేలాడుతున్నాయి. వడ్రంగి అక్కడే నేల మీద కూలబడ్డాడు. తన జన్మలో ఇంత పొట్టి పని చెయ్యలేదన్నాడు, విప్పి పొడిగిద్దామంటే ఆ అతుకులు ఊడవన్నాడు. పిల్ల లేచాక మంచం తట్టి, మోకాళ్ళు చూపించి, ఇబ్బందిగా ఉందా అని సైగ చేశాడు. కొంగ అతని మొహంలోకి చూసి, ఇంకా గట్టిగా, "చాలా బాగుంది" అంది.

కొత్త కోడలికి అప్పుడు తెలిసింది అసలు చిక్కు ఎక్కడుందో. మంచం సంగతంటే కంటపడింది, పిల్లకు ఇంకా ఏది నొప్పో తనకు తెలియదు. తెలియనిది సరిచెయ్యడం కుదరదు. శనివారం వచ్చే ఆవిడ కంటికి ఆ నొప్పి కనిపిస్తే, తన నలభై రెండు సరదాలూ బీరువాకే మిగిలిపోతాయి. అందుకని ఎలాగైనా సరే, ఈ పిల్ల చేత ఒక్క వంకైనా పెట్టించాలని కంకణం కట్టుకుంది.

మంగళవారం సూపులో పిడికెడు ఉప్పు పోసింది. తను ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మొహం వికారంగా పెట్టి, "బాగా లేదు" అని నేర్పింది. వడ్రంగి కూడా తాగి, కుర్చీలోంచి జారిపడి, నేల మీద నుంచే "బాగా లేదు" అన్నాడు. కొంగ గిన్నె ఖాళీ చేసి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, చాలా బాగుంది అంది. బుధవారం వడ్రంగి పాట అందుకున్నాడు. అతను పాడితే పక్కింటి కుక్క కూడా ఇల్లు మారుతుంది. కొంగ చివరిదాకా విని చప్పట్లు కొట్టింది. భార్యాభర్తలు వంటింట్లోకి పారిపోయి, ఒకరి నోరు ఒకరు మూసుకుని, కడుపు చెక్కలయ్యేలా నవ్వారు.

అత్తగారు వాకిట్లోంచి అంతా గమనిస్తూనే ఉంది. "చుట్టం మెప్పు కోసం పాట్లు పడేవాళ్ళను చూశాను కానీ, చుట్టం చేత తిట్టించుకోవాలని పాట్లు పడేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానమ్మాయ్. తిట్లే కావాలంటే నన్నడక్కపోయావా, ఇంట్లోనే ఉన్నానుగా."

గురువారం ఆమె కొంగను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. పిల్లను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ ముందు పీట మీద తను కూర్చుంది. అంతే, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పిల్ల బూటు కొసను బొటనవేలితో నొక్కింది. చోటు లేదు. తోలుకు వేలు అతుక్కుని ఉంది. నాలుగు రోజులుగా ఈ పిల్ల పాదాల అంచుల మీద నడుస్తోందని, తను దాన్ని కొంగ నడక అనుకుని ముచ్చటపడిందని తట్టి, చెవులు వేడెక్కాయి. ఏమీ అడగలేదు. అడిగితే జవాబేమిటో తెలుసు. బూట్లు విప్పి, రెండు సైజులు పెద్దవి తొడిగి, తలుపు వైపు చెయ్యి చూపించింది.

కొంగ తలుపుదాకా నడిచింది. ఆగింది. కాలి వేళ్ళు లోపల ఆడించుకుంది. తిరిగి వస్తూ నడవలేదు, పరుగెత్తింది. మళ్ళీ తలుపుదాకా, మళ్ళీ బల్లదాకా, పెట్టెల వరసల మధ్య నుంచి, యజమాని కాళ్ళ చుట్టూ. మొదటిసారి నోరంతా తెరిచి నవ్వింది. ముందు పళ్ళలో ఒకటి లేదని ఇంట్లో అందరికంటే ముందు కొత్త కోడలికే తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఆమె దుకాణం నుంచి తిన్నగా మొగుడి పని షెడ్డుకు వెళ్ళింది. "ఏమండీ, మంచం కొయ్యాలి" అంది. అతను తన కాలు కొయ్యమన్నట్టు చూశాడు. ఆ అతుకులు ఊడేవి కావు, ఏనుగు లాగినా రావు, అందుకే గదా అలా చేశాడు. "బూటు కొసలో చోటు వదలమని ఊరందరికీ చెబుతాను. మీకు చెప్పలేదు. తప్పు నాది, రంపం మీది" అందామె. అతను నిట్టూర్చి రంపం తీశాడు.

కొంగ ఆ పని చూసి ఎగిరి గంతేసింది. పలక పట్టుకుంది, గరుకు కాగితంతో రుద్దింది, వడ్రంగి చెవి మీద పెన్సిలు చూసి తన చెవి మీదా ఒకటి పెట్టుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికి మంచం రెండు ముక్కలై గది నడుమ పడుంది. కొత్త పట్టెలు జిగురు పూసి ఇనుప బిగింపుల మధ్య ఆరుతున్నాయి. జిగురు ఆరడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. శనివారానికి సరిగ్గా సరిపోతుంది.

పరిశీలకురాలు శుక్రవారమే వచ్చింది. ఆవిడ ఎప్పుడూ చెప్పిన రోజుకు ఒక రోజు ముందే వస్తుందట. చెప్పిన రోజున ప్రతి ఇల్లూ అద్దంలా ఉంటుందని ఆవిడకు తెలుసు. చేతిలో గొడుగు, చంకలో అట్ట. గుమ్మంలో నిలబడి గది చూసింది. రెండు ముక్కల మంచం, మోకాళ్ళదాకా రంపపు పొట్టు, ఆ పొట్టులో నెత్తి నుంచి పాదాలదాకా మునిగిన పిల్ల. పిల్ల ఎక్కడ పడుకుంటోందని అడిగింది. ఈ రాత్రికి సోఫా మీద అని కొత్త కోడలు నిజం చెప్పేసింది. ఆవిడ అట్ట మీద ఏదో రాసుకుని, రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ ఇంట్లో విడిగా గది ఉందనీ, తోట ఉందనీ, అన్నిటికీ మించి ఒకే ముక్కగా ఉన్న మంచం ఉందనీ చెప్పింది. పిల్లను కూడా ఒక మాట అడుగుతానంది.

ఆవిడకు పిల్ల భాష వచ్చు. గొడుగు ఆనించుకుని వంగి, ఆ భాషలోనే నెమ్మదిగా ఏదో చెప్పింది. తోటను చూపిస్తున్నట్టు చెయ్యి తిప్పింది, మంచంలా రెండు చేతులూ చాచింది. కొత్త కోడలికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ప్రశ్న తెలుసు. జవాబు అంతకంటే బాగా తెలుసు. ఈ పిల్ల దేనికైనా ఏమంటుందో ఇంటి గోడలకు కూడా తెలుసు. వడ్రంగి చేతిలో రంపం అలాగే ఉంది. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

కొంగ ఒళ్ళు నిటారు చేసింది. ముక్కలైన మంచాన్ని చూసింది. వంగి తన బూటు కొసను బొటనవేలితో నొక్కుకుంది. అప్పుడు తన భాషలో కాదు, ఈ ఇంటి భాషలో, అందరికీ వినపడేలా చెప్పింది.

"బాగా లేదు."

పరిశీలకురాలు ఏది బాగా లేదని అడిగింది. కొంగ ఇందాక ఆవిడ చెయ్యి తిప్పిన వైపు, వీధి వైపు, వేలు చూపించింది. ఆ హెడ్మిస్ట్రెస్ ఇల్లు. ఇక గట్టు తెగింది. సూపు బాగా లేదు, అంది. వడ్రంగి గొంతు వైపు వేలు చూపిస్తూ, పాట బాగా లేదు. గుమ్మంలో పడేసిన పాత బూట్లు బాగా లేదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ఆ మంచం అస్సలు బాగా లేదు. ఒక్కో వంకకూ భార్యాభర్తలు ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. పాట బాగా లేదన్నప్పుడు వడ్రంగి పిల్లను ఎత్తి ఒక చుట్టు తిప్పాడు కూడా.

"పందొమ్మిదేళ్ళుగా ఇళ్ళు తిరుగుతున్నాను. తిట్లు పడుతుంటే ఇంత సంబరపడే ఇల్లు చూడలేదు" అంది పరిశీలకురాలు.

అత్తగారు వాకిట్లోంచే అందుకుంది. "చుట్టమైతే పొగుడుతుంది. వంకలు పెట్టేది ఇంటిమనిషేనమ్మా. కావాలంటే నన్ను చూడు."

పరిశీలకురాలు ఆవిడను చూసింది, పిల్లను చూసింది. అట్ట మీద ఇందాక రాసింది కొట్టేసి, ఆరు వారాలు అని రాసింది.

శనివారం సాయంత్రం జిగురు ఆరింది. కొంగ మంచమెక్కి, తల దిండుకు ఆనించి, కాళ్ళు బార్లా చాచింది. పాదాలకూ కడ్డీలకూ మధ్య బొటనవేలంత కాదు, జానెడున్నర చోటు. భయం కొద్దీ వడ్రంగి అంత వదిలాడు. మంచం ఎలా ఉందని సైగ చేశాడు. పిల్ల తొందరపడలేదు. అటు దొర్లింది, ఇటు దొర్లింది, పట్టె మీద వేలితో కొట్టి చూసింది. తర్వాత వాకిట్లో కూర్చున్న అత్తగారి వైపు ఒక చూపు చూసి, ఆవిడలాగే మూతి కాస్త వంకర పెట్టి చెప్పింది.

"పరవాలేదు."

వడ్రంగి ఆ రోజు పాలవాడికీ, పక్కింటాయనకూ, దారిన పోయే తెలియనివాళ్ళకూ కూడా ఆపి మరీ చెప్పాడు, పిల్ల మంచం పరవాలేదందని. కొత్త కోడలు బీరువా తలుపు మీది కాగితంలో మొదటి సరదా కొట్టేసి, కింద ఇంకో పది రాసింది.