అతుకు మానేదాకా

నీళ్లలోంచి ఒక బుడగ లేచింది.

చిన్నది. ఆవగింజంత.

ఆపరేషన్ గదిలో తెర మీద అందరూ చూశారు.

ఓదెలు పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు. ఒకదాంట్లో కెమెరా. మలద్వారానికి కాస్త పైనున్న క్యాన్సర్ గడ్డను డాక్టర్ గజాలా తీసేసింది. పేగు రెండు కొసలనూ కలిపింది. అతుకు చుట్టూ నీళ్లు నింపి, కింది నుంచి గాలి పంపింది.

బుడగ లేచిందంటే — అతుకు కారుతోంది.

మళ్లీ కుట్టింది. మళ్లీ నీళ్లు. మళ్లీ గాలి.

ఈసారి నీళ్లు కదలలేదు.

బయట జగిత్యాల కూడా కదలడం లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులన్నీ డిపోలోనే. రోడ్ల మీద జనం... దూరంగా డప్పులు.

ఓదెలుది సిరిసిల్ల. ఇరవై ఏళ్లుగా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్నాడు. ఆపరేషన్‌కు ముందు అతను అడిగింది ఒక్కటే.

"సంచి పెట్టకు మేడం. పొట్టకు దొడ్డికి సంచి కట్టుకొని మంది నడుమ ఎట్ల తిరుగుత?"

"అతుకు మానేదాంక మూడు నెలలే అన్నా. అవసరమైతేనే పెడుత."

అవసరమైతేనే — అని ఇంకోసారి అనిపించుకుని సంతకం చేశాడు.

ఇప్పుడు అవసరమా?

పోయినేడు ఇదే ఆపరేషన్ చేసిన సాయమ్మకు బుడగే లేవలేదు. సంచీ పెట్టలేదు. కోరుట్లకు, ఇంటికి పోయాక జ్వరం వచ్చింది. తిరిగి తీసుకొచ్చేసరికి పొట్టంతా చీము. బతకలేదు.

గజాలాదీ కోరుట్లే. సాయమ్మ ఉన్న వీధిలోంచి ఇప్పటికీ నడవదు.

సిరిసిల్ల ఇంకా దూరం. బస్సుల్లేవు.

ఆమె చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి కుట్టింది. మలం అతుకు దాకా పోకుండా అక్కడే సంచి తగిలించింది.

ఓదెలు మెలకువ రాగానే పొట్ట తడుముకున్నాడు. గోడ వైపు తిరిగాడు.

ఒక రోజు. రెండు రోజులు. మూడు.

నాలుగో రోజు ఆమే చెప్పింది. "అతుకు కాడ బుడగ లేసిందన్నా. ఆపిన. గని భయమైంది."

"నీకా?"

"నాకే."

ఓదెలు ఇటు తిరిగాడు. "దీన్ని ఎట్ల కడుగాలె?"

భార్య దుర్గవ్వ గోరువెచ్చని నీళ్లు తెచ్చింది.

వారం దాటింది. జ్వరం రాలేదు. రెండోసారి వేసిన కుట్టు కాపాడిందో, సంచి కాపాడిందో... ఎవరికీ తెలియదు. గజాలాకూ తెలియదు.

ఓదెలు ఇంటికి చేరేసరికి సిరిసిల్లలో నడిరోడ్డు మీద సమ్మె వంటావార్పు. పొగ. పప్పు వాసన. వరుసగా విస్తర్లు. ఓదెలు శాలువా కప్పుకుని అందరికీ ఎడంగా కూర్చున్నాడు.

పక్క సాంచె నడిపే సామేలు వచ్చి ఆనుకుని కూర్చున్నాడు.

శాలువా కింద సంచి చప్పుడు చేసింది.

ఓదెలు చేతిలో ముద్ద ఆగింది. సామేలు విన్నాడు. విన్నాడని ఓదెలుకు తెలిసింది.

"తినన్నా," అన్నాడు సామేలు. "సల్లారుతది."