పక్కగదివాళ్ళకి తెలుస్తుందా

"రెండు కాదండీ, మీకు ఒక్క గదే ఉంది," అంది రిసెప్షన్‌లో అమ్మాయి, కంప్యూటర్ తెర నావైపు కాస్త తిప్పుతూ. "పక్క గది నిన్న రద్దయింది. అయిన అరగంటకే వేరేవాళ్ళు తీసేసుకున్నారు. ఇవాళ హోటలంతా నిండిపోయింది."

"ఎవరు రద్దు చేశారు?"

"అతిథే రద్దు చేసుకున్నట్టు వచ్చిందండీ, సైట్ నుంచి."

అమ్మ నా వెనకే నిలబడి ఉంది. అప్పటిదాకా నేలమీద పెట్టిన సంచిని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"విన్నావుగా. అతిథిగారే రద్దు చేసుకున్నారట. పద, తిరుగు బస్సు చూడు."

ఆ అతిథి మా పెద్దమ్మ. అమ్మకి తోడబుట్టిన అక్క. ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళయింది. అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ ఆఖరి చూపుకి అందలేదు. చెప్పేవాళ్ళు లేక అందలేదు. "దానికి అన్నీ అయ్యాక చెబుదాంలే" అని పెద్దమ్మే అన్నదని ఆ రోజే అమ్మ చెవిన పడింది. ఆ మాట అమ్మ గుండెలో ముల్లులా దిగిపోయింది. తీద్దామని ఎవరు చెయ్యి వేసినా విసిరికొట్టేది.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. ఉద్యోగం వచ్చాక, "నీకేం కావాలో చెప్పమ్మా," అని అడిగాను. కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండా జాకెట్టు చెయ్యి ఒకటి పూర్తిగా కుట్టేసి, దారం తెంపి, అప్పుడు చెప్పింది.

"మా అక్కని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కసారి కడుపారా తిట్టాలిరా."

అది తిట్టాలన్న కోరిక కాదని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. కానీ తిట్టడానికైనా ఇద్దరూ ఒకచోట ఉండాలి కదా. పెద్దమ్మ మా గడప తొక్కదు, అమ్మ వాళ్ళ గడప తొక్కదు. రెండు ఊళ్ళకీ సరిగ్గా మధ్యలో ఉందని ఈ కొండ ఊరు ఎంచుకున్నాను. గోడకి గోడ ఆనుకున్న రెండు గదులు చూశాను.

దానికి పెద్దమ్మ ఒక మెలిక పెట్టింది. "వాళ్ళ చేత్తో తీసిన గదిలో నేను పడుకోను. నా గది నా తమ్ముడు తీస్తే వస్తాను." తమ్ముడంటే మా మామయ్య. రెండిళ్ళకీ మధ్య మిగిలిన వంతెన ఆయనే. ఇక్కడి కబురు అక్కడికి, అక్కడి కబురు ఇక్కడికి ఇన్నేళ్ళుగా ఆయనే మోస్తున్నాడు. నేను కాలేజీలో చేరేరోజు నాతో వచ్చినవాడూ ఆయనే. ఆఫీసు కిటికీ ముందు నా నోట మాట పెగలకపోతే, నా భుజం మీద చెయ్యి వేసి, "మావాడండీ, బాగా చదువుతాడు, కాస్త సిగ్గు," అని నా తరఫున మాట్లాడాడు.

సైట్‌లో మామయ్య పేరు మీద ఖాతా తెరిచిందీ నేనే. ఆయన ఫోన్ తీసుకుని, పక్కన కూర్చుని, ఎలా లోపలికి వెళ్ళాలో, గది వివరాలు ఎక్కడ కనిపిస్తాయో రెండుసార్లు చూపించాను. "నీ వల్ల మేమంతా మనుషులమవుతున్నాం అల్లుడూ," అని నవ్వాడు.

"ఏంట్రా నిలబడిపోయావు? నేనేం ఎగబడి వచ్చానా? నువ్వు పిలిస్తే వచ్చాను," అంది అమ్మ. ఆ గొంతులో కోపం కంటే చిన్నబోవడం ఎక్కువుంది. వచ్చేటప్పుడు బస్సులో అమ్మ తనలో తను పెదాలు కదుపుతూనే ఉంది. ఏం తిట్టాలో వల్లె వేసుకుంటోందని నాకు లోపల నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ పెదాలు గట్టిగా బిగుసుకుపోయాయి.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అని సోఫాలో కూర్చోబెట్టి, మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. "ఏమైనా ఫోన్ వచ్చిందా అండీ, ఆ గది గురించి?"

"వచ్చిందండీ. ఒకాయన ముందు మాకే చేశారు. గది రద్దు చెయ్యమన్నారు. సైట్‌లో బుక్ చేసిన గది మేం ఇక్కణ్ణుంచి రద్దు చెయ్యలేం, అక్కడే రద్దు నొక్కాలి అని చెప్పాను. ఎక్కడ నొక్కాలో దొరకట్లేదన్నారు పాపం. నేనే ఫోన్‌లో ఉండి ఒక్కొక్కటీ చెప్పాను." సాయం చేసినందుకు ఆ అమ్మాయి ముఖంలో చిన్న సంతృప్తి. "అంతా అయ్యాక ఒకటి అడిగారు. 'రద్దు చేస్తే పక్కగదివాళ్ళకి తెలుస్తుందా అమ్మా?' అని. తెలీదండీ, ఎవరి బుకింగ్ వాళ్ళదే అన్నాను. ఏమండీ, ఏదైనా పొరపాటు జరిగిందా?"

"లేదండీ," అన్నాను.

బయట మెట్ల మీదికి వచ్చి మామయ్యకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"చేరారా అల్లుడూ? ప్రయాణం బాగా జరిగిందా?"

"పెద్దమ్మ గది ఎందుకు రద్దు చేశావు మామయ్యా?"

"నేనా? అక్కే వద్దందిరా. మనసు మార్చుకుంది. దాని సంగతి నీకు తెలియనిదేముంది."

"పక్కగదివాళ్ళకి తెలుస్తుందా అని అడిగావట."

అటువైపు కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"మీ అమ్మమ్మ పోయిన రోజు మీ అమ్మకి ఫోన్ చేసే పని నాది," అన్నాడు. "రెండు రాత్రులు నిద్ర లేదురా నాకు. కాసేపు నడుం వాలుద్దామనుకున్నాను. లేచేసరికి అంతా అయిపోయింది. ఏం చెప్పను? మీ అమ్మ చెల్లెలే కదా, సర్దుకుంటుందనుకుని తప్పు పెద్దక్క మీద పెట్టాను. పెద్దక్క అడిగితే మీ అమ్మ మీద పెట్టాను. పదిరోజులు పోతే చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. తర్వాత చెప్పాలంటే నోరు రాలేదు."

"ఇప్పుడు చెప్పు."

"ఇద్దరూ ఒక్కచోట కూర్చుంటే అయిదు నిమిషాల్లో నా బండారం బయటపడుతుంది అల్లుడూ. నాకున్నది వీళ్ళిద్దరే. నా మాట విను. వెబ్‌సైట్‌లో ఏదో పొరపాటు పడిందని చెప్పు. రెండు రోజులు పోయాక మళ్ళీ చూద్దామను. నువ్వు చెబితే నమ్ముతారు. చదువుకున్నవాడివి."

నా భుజం మీద ఆ రోజు ఆయన వేసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి అబద్ధం కాదు. అదే నాకు మింగుడు పడలేదు. ఆయన పూర్తిగా చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదేమో. ఫోన్ పెట్టేశాను.

లోపలికి వెళ్ళి, అమ్మ పక్కన కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పాను. తగ్గించలేదు, కలపలేదు.

"నోర్ముయ్," అంది అమ్మ. "నా తమ్ముడు వాడు. వాణ్ణి ఎత్తుకు పెంచాను నేను."

"పెద్దమ్మకి ఫోన్ చేస్తాను. నువ్వే అడుగు."

"అది ఎత్తదు."

ఎత్తింది. కాకపోతే నన్ను మాట్లాడనివ్వలేదు.

"ఏరా, ఇంకా దేనికి ఫోన్? మీ అమ్మ నా గది రద్దు చేయించిందని నిన్ననే తెలిసింది. నా మొహం చూడలేకపోతే మొదటే చెప్పొచ్చుగా? సంచి సర్దుకుని, మళ్ళీ విప్పుకున్నాను, పిచ్చిదాన్ని."

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

"నేను రద్దు చేయించానా? ఎవరన్నారే?"

ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట అది. రిసెప్షన్ అమ్మాయి చటుక్కున తల వంచుకుని కీబోర్డు మీద ఏదో కొట్టసాగింది.

"తమ్ముడు," అంది పెద్దమ్మ.

"నువ్వే రద్దు చేసుకున్నావని ఇక్కడ నాకు చెప్పారు. అదీ వాడి పనే."

"నేనెందుకు చేసుకుంటానే? నాకు నొక్కడమైనా వచ్చా?"

ఇద్దరూ ఒకే చోటికి నడుచుకుంటూ వెళ్తున్నారని నాకు అర్థమైంది.

"అక్కా," అంది అమ్మ. గొంతు పూర్తిగా మారిపోయింది. "ఆ రోజు నాకు చెప్పొద్దని నువ్వన్నావా?"

"నేనా? నీకు మిషన్ పని ఎక్కువుంది, రాలేనన్నావని అంతా అయ్యాక వాడు..." మాట సగంలో తెగింది. "తలుపువైపే చూస్తూ కూర్చున్నానే నేను."

"అమ్మ నన్ను అడిగిందా?"

"చిన్నది వచ్చిందా, చిన్నది వచ్చిందా అని అడుగుతూనే ఉంది. తమ్ముడు ఫోన్ చేశాడమ్మా, దారిలో ఉందని చెబుతూనే ఉన్నాను."

అమ్మ ఏడవలేదు. ఒళ్ళో ఉన్న సంచి పిడిని మెలితిప్పుతూ ఉండిపోయింది. తిట్టాలని వల్లె వేసుకొచ్చిన మాటలన్నీ ఎవరికోసమో ఇంక తెలియనట్టు చూసింది.

"నీకు ఇక్కడికి బస్సు ఉందా ఇప్పుడు?" అని అడిగింది కాసేపటికి.

"ఉంది. వస్తున్నాను. గది లేదుగా?"

"మంచం ఉంది. నువ్వు కాళ్ళు తన్నకుండా పడుకుంటే చాలు."

"ఎవరు తన్నేది? నువ్వు," అంది పెద్దమ్మ, ముక్కు చీదుతూ.

ఫోన్ పెట్టిన వెంటనే మళ్ళీ మోగింది. మామయ్య. నేను కట్ చెయ్యబోతే అమ్మ వద్దంది. చెయ్యి చాపి తనే ఎత్తి, "చెప్పు," అంది.

"అక్కా, అల్లుడు ఏమైనా చెప్పాడా?" ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "వాడికి సరిగ్గా అర్థం కాలేదనుకుంటా. ఏం లేదక్కా, ఆ వెబ్‌సైట్‌లో ఏదో పొరపాటు పడిందట. పెద్దక్కకి నేను చెబుతాలే, నువ్వేం బాధపడకు. ఇంటికి వెళ్ళిపోండి, జాగ్రత్తగా."

అమ్మ చివరిదాకా విన్నది. మధ్యలో ఒక్కచోట కూడా ఆపలేదు.

"అలాగే తమ్ముడూ," అని పెట్టేసింది.

ఫోన్ నాకిచ్చి, గది తాళంచెవి కోసం కౌంటర్ వైపు చెయ్యి చాపింది.

"ఎంత బాగా చెబుతాడో చూశావా," అంది. "నాకు తెలిసుండకపోతే ఇప్పుడు కూడా నమ్మేదాన్ని."