కోకిలాబెన్ కుట్లు

గుజరాత్‌లో పాలన్‌పూర్ వైపు ఎద్దుకు కొమ్ములో కేన్సరొస్తే కొమ్మును మొదలంటా కోసెయ్యాల్సిందే. పశువైద్యురాలు కోకిలాబెన్ ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఒకప్పుడు నెత్తురు కారే నాళాలను ఒక్కొక్కటే దారంతో కట్టేది. గంట పట్టేది. ఇప్పుడు ఎర్రగా కాల్చిన ఇనుము పెడుతోంది. చుయ్యిమంటే చాలు, నెత్తురు ఆగిపోతుంది. పైన తోలు లాగి ముచ్చటగా కుట్టేస్తుంది.

దారం కట్టిన నలభై ఎద్దుల్లో పదకొండింటికి కేన్సర్ తిరగబెట్టింది. ఆ రోజుల్లో స్కూటరేసుకుని ఊరూరా తిరిగి తనే చూసేది. ఇనుము పెట్టిన ముప్పై ఆరింటి సంగతి ఫోన్లోనే కనుక్కుంది. ఒక్కదానికీ తిరగబెట్టలేదు. సోమవారం జిల్లా డాక్టర్లందరికీ ఇదే చెప్పబోతోంది. ఆమె మాటంటే వాళ్లకు గురి. ఆ తర్వాత జిల్లా అంతా ఇనుమే.

శనివారం పాంజరాపోళ్‌లో ఒక ఆవుకు ఈత కష్టమైందని కబురొచ్చింది. పనికిరాని పశువుల్ని ఆ వైపు రైతులు కోతకు అమ్మరు, ఈ ధర్మశాలకు తోలి వదిలేస్తారు. దూడను బయటికి లాగి చేతులు కడుక్కుంటుంటే గోడవార ఒంటికొమ్ము ఎద్దుల వరుస కనిపించింది. కుట్లు చక్కగా మానాయి. వాటి పక్కనుంచే కండ కాలీఫ్లవర్‌లా పొంగుకొచ్చింది.

"ఇవెక్కడివి, కాంతిభాయ్?" అని గుమాస్తాని అడిగింది.

"మీ చేతి కుట్లే గుర్తుపట్టలేదా, బెన్? దీన్ని మేం డాక్టరమ్మ కొట్టం అంటాం. పద్నాలుగున్నాయి, అన్నీ ఇనుము పెట్టినవే. చచ్చినవి కలపలేదు."

అంతలో వాఘజీ ఠాకోర్ తన ఎద్దు మోతీని తోలుకుంటూ గేటులోకొచ్చాడు. రెండు నెలల కింద ఆమె కోసిందే. మొన్న ఫోన్లో "ఫస్టుక్లాసుగా ఉంది, బెన్" అన్నదీ ఆయనే. ఆమెను చూడగానే ఎద్దు చాటుకు నక్కాడు. తలపాగా మూపురం పైన కనిపిస్తూనే ఉంది.

"కాకా! బాగుందన్నారేం మరి?"

"ఏమనమంటావు తల్లీ? మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి అంత అందంగా కుట్టావు. చెడిపోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మా రైతులందరం అదే అనుకున్నాం, బెన్ మనసు కష్టపెట్టొద్దని."

కోకిలాబెన్‌కు కోపమూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. మోతీ తల పట్టుకుని చూసింది. ఇనుము కాల్చిన నల్లటి పొర కింద మిగిలిపోయిన కేన్సర్ ఆ రోజు తన కంటికి ఆనలేదు. ఇప్పుడది ఎద్దు కంటిదాకా పాకింది. ఇక కొయ్యడానికి చోటు లేదు.

"దీని జోడుకీ నిన్నట్నుంచి ముక్కులో నెత్తురు కారుతోంది, మోతీకి మొదట్లో కారినట్టే," అన్నాడు వాఘజీ. "సోమవారం తోలుకొస్తాను. దానికీ ఆ ఇనుమే పెట్టు బెన్, కుట్టు ముచ్చటగా వస్తుంది."

"సోమవారం డాక్టర్లందరికీ ఈ కొట్టం సంగతి చెప్పాలి. రేపే తోలుకురండి. దారంతో కడతాను, గంట పట్టినా సరే. ఆ తర్వాత వారం వారం మీ ఇంటికి నేనే వస్తాను, కాకా. మీరు మాత్రం నోరు తెరవకండి."