మూల రాయి ఒక్కసారే

నేను ఒక కొయ్య సుత్తిని. తాండూరు వైపు ఒక వడ్రంగి తుమ్మ మొద్దు చెక్కి నన్ను చేశాడు. నాపరాయిని పగలకుండా తట్టి కూర్చోబెట్టడం నా పని. ఇనప సుత్తికి ఆ ఓపిక లేదు.

నన్ను కొన్నవాడు సాయిలు మేస్త్రీ. ఆయన దగ్గర పన్నెండేళ్లుగా సిమెంటు మాలు తట్ట మోసేది అంజిలమ్మ. ఏ రాయి ఎగుడుగా ఉందో నిలబడే చెప్పేది. అయినా ఆయన ఆమెను నన్ను ముట్టనివ్వలేదు. ఆడది మోయాలట, మగవాడు వేయాలట. ఈ రూలు ఎవడు రాశాడో నాకైతే కనబడలేదు.

ఒక బడి ఆవరణలో పని. మధ్యలో ఒక నల్లరాయి, దాని చుట్టూ చదరంగా ఒక వరుస, దాని చుట్టూ ఇంకోటి, అలా పది. అన్నీ అరడుగు పలకలే. తొమ్మిది అయ్యాయి.

"అన్నా, ఈ ఆఖరు వరుస నేనేస్త," అంది అంజిలమ్మ.

సాయిలు నవ్వాడు. "నువ్వు మేస్త్రీవైతే తట్ట నేను మొయ్యాల్నా? సరే, దీనికి ఎన్ని రాళ్లు పడ్తయో చెప్పు. తప్పిందా, మల్ల అడగొద్దు. పక్కకు ఇరవై ఒకటి, నాలుగు పక్కలకు ఎనభై నాలుగు. నా లెక్కిది."

"ఎనభై."

అడక్కుండానే నన్ను తీసుకుని మొదటి వరుస మీద పడుకోబెట్టింది. ఒక మూల రాయినీ దాని పక్క రాయినీ కప్పాను. అవతలి మూలకు ముందే ఆగాను.

"రెండు. ఆ మూల రాయి ఆవలి పక్క లెక్కలకు పోతది." నన్ను నాలుగు పక్కలా తిప్పింది. "ఎనిమిది. రెండో వరుసల పక్కకు నాలుగు, మొత్తం పదహారు. వరుసకు ఎనిమిది పెరుగుతయ్. ఎన్నో వరుసైతే అన్ని ఎనిమిదులు, పదోదానికి ఎనభై. నువ్వు మూలల్ని రెండుసార్లు లెక్కబెడుతున్నవన్నా."

"ముప్పై ఏండ్ల సంది గిట్లనే తెప్పిస్తున్న. మిగిలినయి తరుగు కింద పోతయ్."

"తరుగైతే ఒకపారి రెండు, ఒకపారి ఆరు ఉండాలె గద. నీకు వరుసకు నాలుగే ఎందుకు మిగుల్తయ్?"

 సాయిలు నన్ను లాక్కుని వరుస తానే వేశాడు. అయిపోయాక, తెప్పించిన ఎనభై నాలుగులో నాలుగు పలకలు మిగిలాయి. వాటిలో ఒక్కటీ పగల్లేదు. ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఓడిపోయానని మనిషి నోటితో అనడు, పని పురమాయిస్తాడు.

"రేపటి సంది తట్టకు ఇంకొకర్ని చూస్త. నువ్వు వరండా పని పట్టు," అని నన్ను ఆమె ముందు పెట్టాడు.

ఏడేళ్లు ఆమె చేతిలో ఉన్నాను. పట్టింది ఆడ చెయ్యో మగ చెయ్యో ఏ రాయీ అడగలేదు. మొన్న నా తల నిలువునా చీలింది. ఇప్పుడు మూడు రాళ్ల పొయ్యి పక్కన పడి ఉన్నాను. అంజిలమ్మ దగ్గర రాళ్లు వేసే నలుగురు ఆడవాళ్లు అలసి వస్తున్నారు. వాళ్లకు చాయ్ కాగాలి. కాలుతాను. ఇందులో ఏడవడానికేం లేదు.