కుంటిదాన్ని ఎక్కించిన రోజు

ఇరవై ఏళ్లుగా మాంసానికి గొర్రెల్ని పెంచుతున్న ఆమెకు ఒక పట్టుదల ఉండేది. బతికినన్నాళ్లూ వాటికి కడుపు నిండా మేత, పడుకోవడానికి పొడి నేల ఉండాలి. పోయే రోజున బెదురూ బాధా ఉండకూడదు. "చంపడానికే పెంచుతావు కదా, మనసెలా ఒప్పుతుంది?" అని ఎవరైనా అడిగితే ఆమె జవాబు అదే.

ఆ రోజు వ్యాను ఎక్కించేటప్పుడు ఒక గొర్రె ముందుకాలు నేల మీద మోపలేకపోయింది. గిట్టల సందున చీము పట్టింది.

"వదినా, ఇది నిలబడలేదు. దీన్ని వదిలేద్దాం," అన్నాడు వ్యాను నడిపే మరిది.

"కబేళా వాళ్లకి ముప్పై అని చెప్పాను. ఒకటి తగ్గితే మాట పోతుంది. ఎంత, గంట ప్రయాణమేగా! ఎక్కించు."

అతను కదల్లేదు. ఆమే దాని నడుం పట్టి లోపలికి తోసింది. తర్వాత అతని పక్కన ఎక్కి కూర్చుంది.

కబేళా దగ్గర తలుపు తీసేసరికి ఆ గొర్రె అడుగున పడి ఉంది. తోటివాటి కాళ్ల కింద నలిగిపోయినా ఇంకా ఎగశ్వాస తీస్తోంది. అక్కడ తనిఖీ చేసే పశువుల డాక్టరమ్మ పరుగున వచ్చి, అక్కడికక్కడే దాన్ని బాధ నుంచి తప్పించింది. తర్వాత లేచి నిలబడి అడిగింది.

"కుంటుతున్నదాన్ని ఎక్కించిందెవరు?"

ఆమె తల తిప్పుకుని వ్యాను తలుపు గడియ సర్దసాగింది.

"నేనే మేడమ్," అన్నాడు మరిది.

డాక్టరమ్మ అతని పశువుల రవాణా అనుమతి కార్డు తీసేసుకుంది.

తిరుగు దారిలో ఎందుకలా చెప్పావని ఆమె మరిదిని అడగాలనుకుంది. నువ్వెందుకు చెప్పలేదు అంటాడేమోనని ఊరుకుంది. ఇంటికొచ్చి సబ్బుతో ఎన్నిసార్లు కడుక్కున్నా, అరచేతులకు ఆ గొర్రె వెచ్చదనం అంటుకునే ఉన్నట్టనిపించింది.

పొద్దున్నే బస్సెక్కి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లింది.

"ఎక్కించింది నేను. అతను వద్దనే అన్నాడు."

"ఈ మాట నిన్న గొంతు దాటలేదా?"

"లేదండీ."

డాక్టరమ్మ కార్డు తిరిగి ఇచ్చేసింది. ఆమె మందలోంచి మూడు నెలల పాటు ఒక్క గొర్రెను కూడా కబేళాకి తీసుకోబోమని కాగితం రాసిచ్చింది.

ఇంటికొచ్చి కార్డు ఇవ్వబోతే మరిది చెయ్యి చాపలేదు.

"నిన్ను కాపాడటానికి చెప్పాననుకున్నావా వదినా? దారిలో అది అరవడం నేను విన్నాను. అయినా బండి ఆపలేదు."

ఆమె కార్డును అరుగు మీద పెట్టింది.

"నేనూ విన్నాను. ఆపమనలేదు."

కాసేపటికి ఇద్దరూ దొడ్లోకి వెళ్లి, మిగిలిన గొర్రెల గిట్టల్ని ఒక్కొక్కటే పట్టి చూడటం మొదలుపెట్టారు.