కామాక్షి ఎదుగుదల పట్టీ

కోవూరు ఎలిమెంటరీ స్కూల్లో నాలుగో తరగతి చెప్పే జయరామయ్యకు పెళ్ళయిన ఆరేళ్ళకు కూతురు పుట్టింది. అరవై ఒకటో సంవత్సరం, శ్రావణ మాసం. జొన్నవాడ అమ్మవారి పేరు కలిసేట్టు కామాక్షి అని పెట్టుకున్నారు. భార్య చెంచులక్ష్మి మనుబోలులోని పుట్టింటి నుంచి మూడో నెల బిడ్డతో తిరిగి వచ్చేసరికి, ఉయ్యాల పక్క గోడకు ఒక ఠావు కాగితం అంటించి ఉంది.

అది జయరామయ్య స్వయంగా తయారుచేసిన పట్టీ. ప్రసూతి కేంద్రంలో నర్సు సమాధానమ్మ దగ్గరున్న పుస్తకం అడిగి తెచ్చుకుని, ఏ నెలలో బిడ్డ ఏం చేయాలో అందులోంచి ఎక్కించాడు. స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టి ‘వయస్సు’, ‘చేయవలసిన పని’, ‘చేసిన తేదీ’, ‘రిమార్కులు’ అని నాలుగు గడులు చేశాడు. మెడ నిలపడం దగ్గర్నుంచి నడవడం దాకా అన్నీ వరసగా ఉన్నాయి.

అతని తల్లి వెంకటశేషమ్మకు చదువు రాదు. కోడలి చేత చదివించుకుని విన్నది.

“ఐదుగురిని కన్నాను గానీ ఒక్కరికీ హాజరు పట్టీ వెయ్యలేదురా అబ్బయ్యా,” అన్నది. “పాపం, అయినా అందరూ నడిచినారు.”

“అది కాదమ్మా. బిడ్డ సరిగ్గా ఎదుగుతా ఉండాదా లేదా తెలవాల గదా.”

“చంకలో ఏసుకుంటే తెలుస్తాది. చెయ్యి నొప్పి పుడితే ఎదిగినట్టే.”

కామాక్షి వేళకే మెడ నిలిపింది. జయరామయ్య తేదీ వేసి, రిమార్కుల గడిలో ‘తృప్తికరం’ అని రాశాడు.

బోర్లా పడటానికి పట్టీలో గడువు నాలుగో నెల. నాలుగో నెల దాటిపోయింది. ఐదో నెల సగంలో ఒక మధ్యాహ్నం, అతను బళ్ళో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్న వేళ, ఇంటి దగ్గర పాప బోర్లా పడింది. బోర్లా పడితే బొబ్బట్లు చేయాలి గనక వెంకటశేషమ్మ వెంటనే శనగపప్పు పొయ్యి మీద పెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చిన జయరామయ్య సంగతి విని సంతోషించాడు గానీ పెన్సిలు తీయలేదు.

“నేను చూడకుండా తేదీ ఎట్లా ఎయ్యను?”

“మేమిద్దరం చూసినాం గదండీ,” అన్నది చెంచులక్ష్మి.

“మీ ముచ్చట కొద్దీ ఒక చెయ్యి ఏసి ఉంటారు.”

పాపను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పాప అతన్ని చూసి బోసినోటితో నవ్వింది. కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంది. అరగంట గడిచినా ఒళ్ళు తిప్పలేదు. తల్లి తెచ్చిన బొబ్బట్టు అందుకుందామని అతను ఇటు తిరిగేసరికి వెనక చిన్న చప్పుడయింది. చూస్తే పాప బోర్లా పడి, తల ఎత్తి అతన్నే చూస్తోంది.

“ఇప్పుడు కూడా నువ్వు చూళ్ళేదు గదా. ఆ బొబ్బట్టు కింద పెట్టెయ్,” అన్నది వెంకటశేషమ్మ.

జయరామయ్య పెట్టలేదు. తేదీ వేసి ఇంకో మూడు తిన్నాడు.

కూర్చోవడం బాగానే గడిచింది. చిక్కంతా పాకడం దగ్గర వచ్చింది. ఎనిమిదో నెల నిండినా కామాక్షి పాకలేదు. పంచాయతీ ప్రెసిడెంటులా నడిమింట్లో కూర్చుని, కావలసిన వస్తువు వైపు చూసి “ఊఁ” అనేది. నాయనమ్మ పరుగెత్తి తెచ్చి ఇచ్చేది.

“అన్నీ నువ్వే తెచ్చిస్తా ఉంటే అది ఎందుకు పాకుతుందమ్మా?”

“నువ్వు పాకించరాదా? పిల్లకాయలకు పాఠం చెప్పేవాడివి!”

ఆ మాట అతనికి పట్టుకుంది. ఆదివారం పొద్దున పంచె ఎగగట్టి, మోకాళ్ళ మీద, అరచేతుల మీద వంగి, కూతురి ముందు అటూ ఇటూ పాకడం మొదలుపెట్టాడు. పాప శ్రద్ధగా చూస్తోంది. అంతలో పక్క వీధి దర్జీ సిలార్, పాపకు కుట్టిన గౌన్లు తీసుకుని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు.

“ఏమన్నా పడిపోయిందా అయివారా?”

నిజం చెప్పడానికి జయరామయ్యకు నోరు రాలేదు. “ఉంగరం,” అన్నాడు.

సిలార్ మంచి మనిషి. గౌన్లు అరుగు మీద పెట్టి, తనూ మోకాళ్ళ మీద వంగి వెతకసాగాడు. పెద్దవాళ్ళిద్దరూ నడిమిల్లంతా పాకుతుంటే కామాక్షి చేతులు తట్టి కేరింతలు కొట్టింది. వంటింట్లో చెంచులక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది.

చివరికి వెంకటశేషమ్మే జాలిపడింది. “ఒరే సిలారూ, ఆ ఉంగరం మీ అయివారి వేలికే ఉండాది చూడు.”

ఆనాటి నుంచి కామాక్షికి సిలార్ అంటే ప్రాణం. రోజూ దుకాణానికి పోతూ అతను ఒకసారి ఆగి, ఖాళీ దారపు రీలు ఒకటి చేతిలో పెట్టి పోయేవాడు.

ఎండాకాలం సెలవుల చివర, బడి తెరవక ముందు, జయరామయ్య మూడు వారాల శిక్షణకు కావలి పోవలసి వచ్చింది. అక్కడినుంచి రెండు కార్డులు రాశాడు. రెండింట్లోనూ ఒకటే ప్రశ్న: పాప పాకినదా? చెంచులక్ష్మి రెండింటికీ ఒకటే జవాబు రాసింది: పాకలేదు, క్షేమం.

తిరిగొచ్చిన సాయంత్రం ట్రంకు పెట్టె గుమ్మంలోనే దించి, రెండు చేతులూ చాచి, “కామాక్షమ్మా!” అన్నాడు. పాప అతన్ని తేరిపార చూసింది. కింది పెదవి వణికింది. ఒక్క కేక పెట్టి నాయనమ్మ భుజంలో మొహం దాచుకుంది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ కేక. ఆ ఏడుపు విని వీధిలో పోతున్న సిలార్ లోపలికి వస్తే, ఒక్క ఉదుటున అతని చేతుల్లోకి దూకి ఏడుపు మానింది.

జయరామయ్య కాఫీ తాగలేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు.

“నెలలు నెలలు దాన్నే చూసుకుంటా కూర్చున్నాను లక్ష్మీ,” అన్నాడు. “మూడు వారాల్లో మొహం మర్చిపోయింది.”

అన్నాళ్ళూ చాటుగా నవ్విన చెంచులక్ష్మి ఆ వేళ నవ్వలేదు. ఆరిపోయిన కాఫీ తీసుకుపోయి వేడి చేసి తెచ్చింది.

మర్నాడు పొద్దున సమాధానమ్మ బాలింతల్ని చూసుకుంటూ ఆ వీధిలోకి వచ్చింది. సంగతంతా విని, “మంచిదే గదా మేస్టారూ!” అన్నది. “తొమ్మిది, పది నెలలకు బిడ్డకు తనవాళ్ళెవరో కొత్తవాళ్ళెవరో తెలుస్తాది. ఏడ్చిందంటే బుద్ధి ఎదిగిందని. మా పుస్తకంలో ఉండాదే. మీరు కాళ్ళూ చేతుల పేజీ ఒక్కటే రాసుకున్నట్టుంది.”

“అయితే ఇది కూడా ఎక్కించరా,” అన్నది వెంకటశేషమ్మ. “చేసిన పని, కొత్తవాణ్ణి చూసి ఏడ్చినది. కొత్తవాడు, తండ్రి.”

జయరామయ్యకు నవ్వు రాబోయి ఆగిపోయింది. అది చూసి సమాధానమ్మ గొంతు తగ్గించింది. “మీరు దాని మీదికి పోబాకండి. మీ పాటికి మీరు కింద కూర్చోని ఏదన్నా పని చేసుకోండి. అదే వస్తాది.”

ఆ మధ్యాహ్నం అతను నడిమింట్లో నేల మీద కూర్చుని, సిరాబుడ్డి పక్కన పెట్టుకుని, శిక్షణలో రాసుకున్నవి మంచి పుస్తకంలోకి ఎక్కిస్తున్నాడు. కూతురి వైపు చూడలేదు. ఆ మూల చాప మీద నాయనమ్మ పక్కన కూర్చుని పాప మాత్రం అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఒక కాలు మడిచి, రెండో కాలితో నేలను తన్నుతూ, గెడ వేసి పడవను నెట్టినట్టు, పిర్రల మీద జర్రున దేకుతూ వచ్చింది. సగం దూరంలో ఆగింది. మళ్ళీ దేకింది. అతని మోకాలి మీద చెయ్యి వేసింది. రెండో చేత్తో సిరాబుడ్డి పట్టుకుని వంచింది.

“అయ్యో, పంచె!” అన్నది గుమ్మంలోంచి చెంచులక్ష్మి.

“ఉండు. అరవబాక,” అన్నాడు జయరామయ్య కదలకుండా. సిరా తొడ దాకా పాకింది. “ఇది ఎప్పట్నుంచి?”

“రెండు వారాలయింది. మీరు పాకినదా అని అడిగినారు. ఇది పాకడం కాదు గదా.”

“నువ్వు కూడా ఇట్లా దేకినోడివే,” అన్నది వెంకటశేషమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ. “ఏడాదిన్నర దాకా అడుగెయ్యలేదు.”

“ఈ మాట ముందే చెప్పొచ్చు గదమ్మా!”

“నన్ను అడిగితే గదా. నువ్వు పుస్తకాన్ని అడిగినావు.”

కామాక్షి నీలం అరచేతిని తండ్రి చెంప మీద ఆనించింది. చేతినీ, ఆ చెంపనూ మార్చి మార్చి చూసి కిలకిలా నవ్వింది.

మర్నాడు బడి తెరిచారు. ఎంత రుద్దినా చెంప మీద నీలం పూర్తిగా వదల్లేదు. అదేమిటని హెడ్మాస్టరు అడిగాడు.

“మా పాప దేకింది సార్.”

“ఏమిటీ?”

జయరామయ్య ఒక కాలు ఎట్లా మడిచిందీ, రెండో కాలితో ఎట్లా తన్నిందీ చేతులు తిప్పి చూపిస్తూ మొదట్నుంచీ చెప్పసాగాడు. రెండో గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నాడు.