ముప్పావు గంట దారి

లారీ డ్రైవరుకి టైర్లు చెప్పిందే దూరం. అక్కనిచ్చిన ఊరు కొండలకవతల. ఘాట్‌రోడ్డు మీద రెండు పగళ్ళు, మధ్యలో ఓ రాత్రి. పన్నెండేళ్ళుగా అక్క ఫోన్ చేసి రమ్మన్నప్పుడల్లా "రెండ్రోజుల దారక్కా, పోనూ రానూ వారం కొట్టుకుపోతుంది" అనేవాడు. ఆవిడా నమ్మింది, అతనూ నమ్మాడు. విమానాశ్రయం పక్క గోడౌన్లోనే అతను సిమెంటు దించేది. రోజూ ఓ చిన్న విమానం నెత్తిమీదుగా పోతూనే ఉండేది. ఎటు పోతుందని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఎక్కేవాళ్ళ గొడవ దించేవాళ్ళకెందుకు?

నిన్న బావ ఫోన్ చేశాడు. "మీ అక్కకి గుండె ఆపరేషన్. రేపు మధ్యాహ్నం లోపలికి తీసుకుపోతారు. ఈలోగా తమ్ముణ్ణి చూడాలని ఒకటే గోల. మీ ఊరి నుంచి ఇక్కడికి విమానం ఉందట. లారీ గీరీ అని నానబెట్టక అదెక్కి చావు."

ఎక్కాడు. సంచితో సహా కాటా మీద నిలబెట్టి, తూచి మరీ ఎక్కించారు.

"నయం, బస్తాలా కొక్కెం వేసి లాగలేదు," అని గొణిగాడు.

విమానం లేచింది. కొండలు కిందికి పోయాయి. కాళ్ళు చాపుకుని ఓ కునుకు తీద్దామనుకునేలోగా దిగింది. అందరూ దిగారు, తనూ దిగాడు. ఎక్కినచోట ఉన్నట్టే అదే రేకుల కప్పు, అవే నీలం కుర్చీలు. ఓ మూల టీ అమ్ముతున్నారు. సరే, మధ్యలో ఆపారనుకున్నాడు. లారీవాళ్ళు ఆపరూ? ఊరిపేరు గోడమీద ఇంతెత్తున రాసుంది. దారిలో టీకి ఆగిన ప్రతి ఊరి పేరూ ఎవడు చదువుతాడు? మళ్ళీ పిలిచేటప్పుడు ముందుండాలని అద్దాల తలుపు పక్కనే కూర్చుని టీ తాగాడు. ఇంకోటి తాగాడు.

అవతలి తలుపు నుంచి ఇంకెవరినో ఎక్కించుకుని విమానం లేచిపోయింది.

"అయ్యో! నన్నొదిలేసి పోయారు!" అద్దం బాదాడు.

నేల తుడుస్తున్న ఆవిడ దగ్గరికొచ్చింది. "ఏ ఊరికి పోవాలి బాబూ?"

చెప్పాడు.

"ఇదే ఆ ఊరు."

"వేళాకోళాలొద్దమ్మా. ముప్పావు గంటే కదా ఎగిరింది!"

"రోజూ అంతేగా."

సంచి ఎలా తీసుకున్నాడో, బయటికెలా వచ్చాడో తెలీదు.

గేటవతల బావ చిందులు తొక్కుతున్నాడు. "గంటన్నర నుంచి పడిగాపులు కాస్తున్నానురా! లోపలికి రానివ్వరు. నీ ఫోనేమైంది?"

"విమానంలో ఆపమన్నారు బావా."

"దిగాక కూడా ఆపుకు కూర్చోమన్నారా?"

"ఇంకా... సగం దారే అనుకున్నా."

బావ అతని సంచి లాక్కుని ముందుకి పరుగెత్తాడు.

ఆస్పత్రికి పరుగున చేరేసరికి అక్కని అప్పటికే బండి మీద ఆపరేషన్ గదికి తోసుకెళ్తున్నారు. ఇంజెక్షన్ మత్తుకి కళ్ళు వాలిపోతున్నాయి. తమ్ముణ్ణి చూసి చెయ్యి చాపింది.

"వచ్చావా నాన్నా! మీ బావ నిన్ననే కదా ఫోన్ చేసింది... అంత దూరం ఎలా వచ్చావురా?"

అబద్ధం ఆడదామన్నా నోరు రాలేదు. "విమానంలో అక్కా. ముప్పావు గంట."

అక్క కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. మత్తంతా ఎటు పోయిందో! రోగి చూసే చూపు కాదది.

"ముప్పావు గంటా?"

నర్సు బండిని ముందుకు తోసింది. అక్క మెడ తిప్పి అతన్నే చూస్తోంది.

"ఇన్నేళ్ళూ నువ్వు ఇంత దగ్గర్లోనే ఉన్నావట్రా?"

తలుపులు మూసుకున్నాయి. బావ భుజం మీద చెయ్యేసి "ఏమందిరా?" అన్నాడు.